కార్డులు, స్క్రాప్‌బుక్‌లు చేసేవాళ్ళకి పనిముట్ల మార్గదర్శి: ఏది ముందు కొనాలి, ఎలా వాడాలి

కార్డులు చేయడం కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఏ పంచ్ కొనమంటారు?" పువ్వు పంచా, సీతాకోకచిలుకదా, అంచుకి లేసు వచ్చేదా అని. పంచ్ అంటే నొక్కగానే కాగితాన్ని ఆ ఆకారంలో కోసే పనిముట్టు. వాళ్ళు చేసిన కార్డు చేతిలోకి తీసుకుని చూస్తే లోపం పువ్వులో ఉండదు. అంచు వంకరపోయి ఉంటుంది. మడత తెల్లగా చిట్లి ఉంటుంది. జిగురు తడికి పై కాగితం ఉబ్బి ఉంటుంది.

ఈ మూడూ సరిగ్గా కుదిరితే ఏ అలంకారం లేని కార్డు కూడా నిండుగా కనిపిస్తుంది. కుదరకపోతే ఎన్ని పువ్వులు అంటించినా ఆ వంకర దాగదు. అందుకని ఇక్కడ కోత, మడత, అతుకు అనే మూడు పనులకే ఎక్కువ చోటిచ్చాను. మిగతా వాటి సంగతి అవసరమైనంత వరకే.

## 1. ఏ వరసలో కొనాలి

మొదటి విడతలో ఇవి చాలు:

- 30 సెంటీమీటర్ల స్టీల్ స్కేల్
- 9 మిల్లీమీటర్ల బ్లేడ్ పట్టే కట్టర్ (మొండిబారిన కొసని మెట్టు మెట్టుగా విరిచే రకం), దానికి అదనపు బ్లేడ్లు
- ఏ3 సైజు కటింగ్ మ్యాట్ (కోసేటప్పుడు కాగితం కింద పరిచేది)
- మూలమట్టం (జామెట్రీ బాక్సులోదైనా సరే)
- కొస సన్నగా ఉన్న చిన్న కత్తెర
- బోన్ ఫోల్డర్ (మడత గీత నొక్కడానికీ, రుద్దడానికీ వాడే మొండి కొస ఉన్న పట్టీ), లేదా ఇంకు పూర్తిగా అయిపోయిన బాల్ పెన్ను
- తెల్ల ఫెవికాల్, 6 మిల్లీమీటర్ల డబుల్ సైడ్ టేప్
- హెచ్ పెన్సిల్, మెత్తని రబ్బరు

స్కేల్ స్టీల్‌దే ఎందుకంటే, ప్లాస్టిక్ స్కేల్ అంచుని బ్లేడ్ కొరుకుతుంది. ఒకసారి గాటు పడ్డ చోట ప్రతిసారీ బ్లేడ్ తడబడుతుంది, స్కేల్ మీదకెక్కి వేలు కూడా తెగొచ్చు. స్టీల్ స్కేల్ జారుతుందనిపిస్తే వెనక రెండు చోట్ల మాస్కింగ్ టేప్ ముక్కలు అంటించండి.

మూలమట్టాన్ని నమ్మే ముందు పరీక్షించాలి. స్కేల్‌కి ఆనించి ఒక నిలువు గీత గీయండి. మట్టాన్ని బోర్లా తిప్పి అదే బిందువు దగ్గర మళ్ళీ గీయండి. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడితే మట్టం సరైనదే. పైకి పోయేకొద్దీ విడిపోతే దాన్ని పక్కన పెట్టేయండి, మీ కార్డులన్నీ అంతే వంకరగా వస్తాయి.

ఏ3 మ్యాట్ ఎందుకంటే, ఏ4 కాగితాన్ని ఏ4 మ్యాట్ మీద పెడితే అంచులు బయటికి పోతాయి, స్కేల్ ఊగుతుంది. డబ్బు సరిపోకపోతే మిగతా చోట తగ్గించుకోండి, మ్యాట్ మాత్రం పెద్దదే తీసుకోండి.

పది పదిహేను కార్డులు చేశాక రెండో విడతకి వెళ్ళండి: ట్రిమ్మర్ (స్కేలు, బ్లేడ్ కలిసి ఉన్న కోత పలక), స్కోరింగ్ బోర్డ్ (మడత గీతలు నొక్కడానికి కాలవలున్న పలక), ఫోమ్ టేప్ (మందంగా ఉండే డబుల్ సైడ్ టేప్), ఒక స్టాంపుల సెట్టు. పంచ్‌లు, డైలు (మెషిన్‌లో పెట్టి ఆకారాలు కోసే అచ్చులు), మెషిన్లు ఆ తర్వాతే. అప్పటికి మీ చేతికి ఏ రకం పని ఇష్టమో మీకే తెలుస్తుంది.

## 2. కాగితాన్ని చేత్తో తెలుసుకోవడం

జీఎస్ఎం అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. జిరాక్స్ కాగితం 70 నుంచి 80 జీఎస్ఎం. కార్డుకి అడుగు అట్ట 250 నుంచి 300 మధ్య ఉంటే నిలబడుతుంది. పైన అంటించే పొరలకి 120 నుంచి 200 చాలు. అన్నీ 300 తీసుకుంటే కార్డు పలకలా బరువెక్కి, కవరులో పట్టదు.

జీఎస్ఎం కన్నా తక్కువమందికి తెలిసిందీ, ఎక్కువ కార్డుల్ని పాడుచేసేదీ గ్రెయిన్. మెషిన్ మీద తయారైన కాగితంలో పీచు ఎక్కువగా ఒకే దిక్కుకి పరుచుకుని ఉంటుంది. ఆ దిక్కు వెంట మడిస్తే మడత నునుపుగా వస్తుంది. అడ్డంగా మడిస్తే పీచు విరిగి గరుకుగా, దళసరి అట్టయితే తెల్లగా చిట్లుతుంది.

కనుక్కోవడం తేలిక. కాగితాన్ని మడవకుండా, రెండు అంచులూ దగ్గరికి తెచ్చి అరచేత్తో మెల్లగా నొక్కండి. తర్వాత అడ్డంగా తిప్పి అలాగే చేయండి. ఏ వైపు తక్కువ బలానికి లొంగిందో ఆ వంపు గ్రెయిన్ వెంట ఉన్నట్టు. ఇంకా అనుమానంగా ఉంటే చిన్న ముక్క కత్తిరించి ఒక వైపు తడిపి చూడండి. అది గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం పొడవు ఏ దిక్కున ఉంటే గ్రెయిన్ ఆ దిక్కే. కనుక్కున్నాక షీటు వెనక పెన్సిల్‌తో చిన్న బాణం గుర్తు పెట్టుకోండి.

సాధన కోసం కొత్త కార్డ్‌స్టాక్ (కార్డుల అట్ట) పాడుచేయక్కర్లేదు. ప్రతి ఇంట్లోనూ పాత శుభలేఖల కట్ట ఒకటి ఉంటుంది. వాటి అట్ట సాధారణంగా దళసరిది, కోత నేర్చుకోవడానికి అంతకన్నా మంచిది దొరకదు. వినాయకుడి బొమ్మ ఉన్న భాగాన్ని కోయడానికి చాలామందికి చేయి రాదు, నాకూ రాదు. అది తీసి పక్కన పెట్టి, వెనక అట్ట వాడుకోండి. హైదరాబాద్ ఛత్తాబజార్‌లో శుభలేఖలు అచ్చువేసేవాళ్ళు ఎక్కువ. మీ ఊళ్ళో కూడా ఏదో ఒక ప్రెస్సు ఉంటుంది. అంచులు కోయగా మిగిలిన అట్ట ముక్కల కోసం అక్కడ అడిగి చూడండి.

## 3. కోత

కూర్చుని కాదు, నిలబడి కోయండి. మోచేయి కదలాలి, మణికట్టు కాదు.

3.1 అట్ట మీద గుర్తు ఒకచోట కాదు, రెండు చివర్లా పెట్టండి. పెద్ద షీటైతే మధ్యలో మూడోది కూడా.

3.2 బ్లేడ్ కొసని మొదటి గుర్తు మీద నిలిపి, స్కేల్‌ని బ్లేడ్ దగ్గరికి జరపండి. తర్వాత రెండో గుర్తుకి కలపండి. స్కేల్ ముందు పెట్టి బ్లేడ్ తర్వాత ఆనిస్తే బ్లేడ్ మందమంత తేడా వస్తుంది.

3.3 స్కేల్ ఎప్పుడూ మీకు కావలసిన ముక్క మీదే ఉండాలి. బ్లేడ్ జారినా వృథా ముక్కలోకి పోతుంది.

3.4 ఎడమచేతి వేళ్ళు విడదీసి స్కేల్ నడిమి మీద నొక్కిపట్టండి. ఏ వేలి కొసా అంచు దాటి బయటికి రాకూడదు. ఎడమచేతి వాటం వాళ్ళు ఇదంతా తిరగేసుకోవాలి.

3.5 బ్లేడ్‌ని బాగా వాల్చి పట్టుకుని, మీ వైపుకి లాగండి. మీ శరీరం మాత్రం ఆ దారికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకి ఉండాలి.

3.6 మొదటి గీత గట్టిగా వద్దు. దారి పడేంత మెల్లగా గీయండి. రెండోసారి కాస్త బలం. 300 జీఎస్ఎం అట్టకి మూడు నాలుగు సార్లు పడుతుంది. చివరిదాకా తెగిందని తేలేవరకు స్కేల్ ఎత్తకండి.

ఒకే దెబ్బకి తెగాలనే తొందర మొదట అందరికీ ఉంటుంది. వంకర కోతల్లో చాలా వాటికి కారణం అదే. బలం పెంచినకొద్దీ స్కేల్ జరుగుతుంది.

బ్లేడ్ ఎప్పుడు విరవాలో చెవికి తెలుస్తుంది. పదునైన బ్లేడ్ కాగితం మీద సన్నగా, ఒకే స్వరంలో పోతుంది. మొండిబారినది గరగరలాడుతుంది, మూల దగ్గర కాగితాన్ని చింపుతుంది. అంచు మీద నూగులాంటిది కనిపించిందంటే అప్పటికే ఆలస్యమైంది. కట్టర్ వెనక మూతలో ఉండే గాటుతో గానీ, పటకారుతో గానీ ఒక మెట్టు విరిచి, ఆ ముక్కని ఖాళీ మందుల సీసాలో వేయండి. చెత్తబుట్టలో ఊరికే పారేస్తే చెత్త ఎత్తేవాళ్ళ చేతులు తెగుతాయి.

వంపులు కోసేటప్పుడు కత్తెర నిలకడగా ఉండాలి, కాగితం తిరగాలి. టేప్ కోసే కత్తెర, కాగితం కోసే కత్తెర వేరువేరుగా పెట్టుకోండి. జిగురంటిన కత్తెర కాగితాన్ని నమిలినట్టు కోస్తుంది.

ట్రిమ్మర్ వాడేవాళ్ళకి ఒక్క మాట: దాని మీద ముద్రించిన గీతల్ని మొదటిసారే స్టీల్ స్కేల్‌తో సరిచూసుకోండి. అర మిల్లీమీటరు తేడా ఉన్నా ప్రతి పొరకీ అది పోగవుతుంది.

మ్యాట్‌ని ఎండలో, కారులో, పొయ్యి పక్కన వదలకండి. మన ఎండాకాలంలో ఒక్క మధ్యాహ్నానికే అది వంగిపోగలదు, మళ్ళీ చదునవడం కష్టం. గ్లూ గన్ను (జిగురుకడ్డీని కరిగించి పోసేది), హీట్ గన్ను (వేడిగాలి ఊదేది) దాని మీద వాడొద్దు. మురికైతే చల్లని సబ్బునీళ్ళు చాలు.

## 4. మడత

దళసరి అట్టని ముందు గీత నొక్కకుండా మడవకూడదు.

4.1 మడత పడే చోట రెండు చివర్లా గుర్తు పెట్టి స్కేల్ ఆనించండి.

4.2 బోన్ ఫోల్డర్ కొసతో, లేదా ఇంకులేని పెన్నుతో రెండుసార్లు గీయండి. కాగితం చిరగకూడదు, పీచు నలిగి కాలవలా లోతు పడాలి. పెన్నుని ముందు చిత్తుకాగితం మీద గీసి చూడండి, చివరి ఇంకు చుక్క సరిగ్గా మంచి అట్ట మీదే బయటపడుతుంది.

4.3 గీత నొక్కిన వైపు లోతుగా, వెనక వైపు సన్నని గట్టులా ఉంటుంది. ఆ గట్టు మడత లోపలికి పోయేలా మడవాలి. అంటే లోతు పడ్డ వైపు కార్డు బయటికి వస్తుంది. చాలామంది కాలవలోకే మడుస్తారు, చూడ్డానికి అదే సహజంగా తోస్తుంది కాబట్టి. అలా మడిస్తే బయటి పొర ఎక్కువగా సాగి చిట్లుతుంది.

4.4 మూలలు కలిపి చూసుకుని, మడత మీద పల్చని కాగితం పరిచి, బోన్ ఫోల్డర్ పక్కభాగంతో రుద్దండి. కాగితం అడ్డు లేకుండా రుద్దితే రంగు అట్ట మీద మెరిసే చార మిగులుతుంది.

కట్టర్‌తో పైపైన కోసి మడవమని కొందరు చెబుతారు. గట్టి అట్టతో చేసే పెట్టెలకి అది పనికొస్తుంది. రోజూ తెరిచి మూసే కార్డుకి మాత్రం వద్దు, కొన్నాళ్ళకి మడత దగ్గరే ఊడిపోతుంది.

## 5. అతుకు

జిగురు ఎంపికని పని బట్టి చేయాలి, అలవాటు బట్టి కాదు.

డబుల్ సైడ్ టేప్: పొర మీద పొర అంటించడానికి ఇదే మొదటి ఎంపిక. తడి లేదు కాబట్టి ఉబ్బదు. అంచుకి 2 మిల్లీమీటర్లు లోపలగా నాలుగు వైపులా అంటించండి. పై పొట్టు మొత్తం ఒకేసారి తీయొద్దు. ప్రతి ముక్కకీ ఒక చివర కొంచెం లేపి, ఆ తోకని బయటికి మడవండి. పొరని సరిగ్గా కూర్చోబెట్టి, ఒక మూల నొక్కిపట్టి, తోకల్ని ఒక్కొక్కటే లాగేయండి. వంకరగా అంటడం దీంతోనే సగం తగ్గుతుంది.

ఫెవికాల్: పూసలు, దారం, పెట్టెల అతుకులు, చిన్న ముక్కలు. ఇందులో నీరు ఉంటుంది, కాగితం పీల్చుకుని సాగుతుంది. పెద్ద పొరకి వాడక తప్పకపోతే పాత ఏటీఎం కార్డుతో పల్చగా లాగి, వెంటనే అంటించి, పుస్తకాల బరువు కింద రాత్రంతా ఉంచండి.

గ్లూ స్టిక్: లోపల రాసుకునే పల్చని కాగితానికి సరిపోతుంది. బరువున్న దేనికీ దీన్ని నమ్మొద్దు, ఎండాకాలం రెండు వేడి గాలులు తగిలేసరికి వదిలేస్తుంది.

ఫోమ్ టేప్: బొమ్మ కొంచెం పైకి లేచినట్టు కనిపించడానికి. ముక్క నడిమిలో కూడా ఒకటి పెట్టకపోతే అక్కడ గుంట పడుతుంది.

గ్లూ గన్ను: రిబ్బను ముడులకీ, చెక్క ముక్కలకీ పరవాలేదు. ఫోటో దగ్గరికి తేవొద్దు.

మెరుపు పూత ఉన్న శుభలేఖ అట్టకి తెల్ల జిగురు పట్టదు. అంటించే చోట సన్న గరుకుకాగితంతో రుద్దండి, లేదా టేప్ వాడండి.

మైదా బంక గురించి పెద్దవాళ్ళు చెబుతారు. గోడపత్రికలకి అది మంచిదే. ఏళ్ళ తరబడి దాచుకునే ఆల్బమ్‌కి మాత్రం వద్దు. పిండిపదార్థం ఉన్న చోటికి బొద్దింకలు, పుస్తకాల పురుగులు వెతుక్కుంటూ వస్తాయి.

## 6. ఒక ఏ4 షీటుతో రెండు కార్డులు: కొలతలతో

ఏ4 అంటే 210 × 297 మిల్లీమీటర్లు.

1. 297 వైపు 148 దగ్గర గుర్తు పెట్టి అడ్డంగా కోయండి. మిగిలిన 149 ముక్కలో ఒక మిల్లీమీటరు తీసేయండి. రెండు ముక్కలూ 210 × 148.
2. ఒక్కో ముక్కకి 210 వైపు సరిగ్గా 105 దగ్గర గీత నొక్కి మడవండి. కార్డు 105 × 148 అవుతుంది. సీ6 కవరు 114 × 162 కాబట్టి అందులో హాయిగా పడుతుంది.
3. మొదటి రంగు పొర: 99 × 142. చుట్టూ 3 మిల్లీమీటర్ల అంచు కనిపిస్తుంది.
4. రెండో పొర కావాలంటే 93 × 136.
5. లోపల రాసుకునే కాగితం: 206 × 144 కోసి 103 దగ్గర మడిచి, మడత పక్కన మాత్రమే సన్నని టేప్ వేసి అంటించండి.

ఇక్కడ గ్రెయిన్ సంగతి గుర్తుచేయాలి. ఏ4 షీట్లలో చాలావాటికి గ్రెయిన్ పొడుగు వైపు ఉంటుంది. పైన చెప్పినట్టు అడ్డంగా కోస్తే మడత గ్రెయిన్ వెంటే పడుతుంది. అదే షీటుని నిలువుగా 105 × 297 చేసి మధ్యలో మడిస్తే, కార్డు సైజు దాదాపు అదే, మడత మాత్రం గ్రెయిన్‌కి అడ్డం. ఒకే షీటుతో ఒకరి కార్డు నునుపుగా, ఇంకొకరిది చిట్లి రావడానికి కారణం ఇదే.

అంటించే ముందు పొరలన్నీ జిగురు లేకుండా పేర్చి, ఒక ఫోటో తీసుకుని చూడండి. కంటికి దొరకని వంకర ఫోటోలో దొరుకుతుంది.

## 7. స్టాంపులు, వేడి ఎంబాసింగ్

కొత్త పారదర్శక స్టాంపు మీద ఇంకు ముత్యాల్లా విడిపోతుంది. పెన్సిల్ రబ్బరుతో పైపైన రుద్దితే పట్టుకుంటుంది. ఇంకు ప్యాడ్‌ని స్టాంపు మీద తట్టండి, రుద్దొద్దు. కాగితం కింద పల్చని ఫోమ్ షీటు పరిచి, నిటారుగా నొక్కి, నిటారుగా ఎత్తండి. ఊపితే అంచు నీడ పడుతుంది.

డై ఇంకు (కాగితంలోకి ఇంకిపోయే రకం) తొందరగా ఆరుతుంది. పిగ్మెంట్ ఇంకు (కాగితం పైనే నిలిచే చిక్కటి రకం) ఆలస్యంగా ఆరుతుంది, అందుకే ఎంబాసింగ్ పొడి (వేడికి కరిగి ఉబ్బెత్తుగా మెరిసేది) దానికి అంటుకుంటుంది. వరస ఇది:

- కాగితం మీద గుడ్డమూటలో కట్టిన టాల్కం పౌడర్ తట్టాలి, లేకపోతే పొడి ఎక్కడపడితే అక్కడ అంటుతుంది
- పిగ్మెంట్ ఇంకుతో స్టాంపు వేయాలి
- వెంటనే పొడి చల్లి, మిగిలినది వేరే కాగితం మీదకి దులిపి సీసాలో పోసేయాలి
- అక్కడక్కడ మిగిలిన రేణువుల్ని పొడి కుంచెతో తీయాలి
- హీట్ గన్నుని పక్కకి తిప్పి వేడెక్కనిచ్చి, అప్పుడు కాగితం వైపు తేవాలి
- పొడి కరిగి మెరవగానే ముందుకి జరపాలి, అక్కడే ఆపితే కాగితం మాడుతుంది

జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్‌తో ఇది కాదు. వేడి చాలదు, గాలి ఎక్కువై పొడిని ఎగరగొడుతుంది.

## 8. పంచ్‌లు, మెషిన్లు

పంచ్‌ని బోర్లా తిప్పి వాడితే ఎక్కడ పడుతుందో కనిపిస్తుంది. మొండిబారితే అల్యూమినియం ఫాయిల్‌ని మడిచి పది పన్నెండు సార్లు కొట్టండి. దళసరి అట్ట పెట్టి బలవంతం చేస్తే స్ప్రింగ్ పోతుంది.

క్రికట్, సిల్హౌట్ లాంటి కంప్యూటర్ కటింగ్ మెషిన్లు నెలకి ఇరవై ముప్పై కార్డులు చేసేవాళ్ళకి అక్కరకొస్తాయి. పండక్కి రెండు కార్డులు చేసేవాళ్ళకి బీరువా మీద బరువే. ఉన్నవాళ్ళు ప్రతి కొత్త కాగితానికీ మూల మీద చిన్న ట్రయల్ కోత వేయండి. కోసినదాన్ని మెషిన్‌లో పెట్టే జిగురు మ్యాట్ నుంచి లాగకండి. మ్యాట్‌ని బోర్లించి మ్యాట్‌నే వంచి వెనక్కి తీయండి, కాగితం చుట్టుకుపోకుండా వస్తుంది.

## 9. ఫోటోల పేజీలు

కార్డు ఏడాదికి పోయినా బాధ లేదు. ఫోటో అలా కాదు. అందుకని ఫోటోలు అంటించి దాచుకునే స్క్రాప్‌బుక్‌కి నియమాలు వేరు.

కాగితం, జిగురు రెండూ యాసిడ్ ఫ్రీ అని రాసి ఉన్నవే తీసుకోండి. కాగితానికి లిగ్నిన్ (చెక్కలో సహజంగా ఉండే పదార్థం) ఫ్రీ అని కూడా ఉండాలి. వార్తాపత్రిక కొన్నాళ్ళకే పసుపెక్కేది ఆ లిగ్నిన్ వల్లే. సాధారణ సెల్లోటేప్ పసుపెక్కి, ఎండిపోయి, మరకని మాత్రం వదిలిపోతుంది. ఫోటో నాలుగు మూలలకీ కాగితపు మూలలు తొడిగితే జిగురుతో పనే లేదు, ఎప్పుడు కావాలన్నా ఫోటో బయటికి తీసుకోవచ్చు.

- పాత ఒరిజినల్ ఫోటోని కోయొద్దు, స్కాన్ చేసి ప్రింటు తీసి దాన్ని కోయండి
- అప్పటికప్పుడు బయటికొచ్చే ఇన్‌స్టంట్ ఫోటోని అసలు కోయకూడదు, లోపల రసాయన పొరలుంటాయి
- పేపరు కటింగ్ పెట్టాలంటే మంచి కాగితం మీద దాని కాపీ పెట్టండి
- పేర్లు, తేదీలు ఫోటో వెనక బాల్ పెన్నుతో కాకుండా పేజీ మీద పిగ్మెంట్ ఇంకు పెన్నుతో రాయండి
- జిగురు చారలున్న పేజీ మీద ఫోటో పెట్టి ప్లాస్టిక్ పొర మూసే పాతరకం ఆల్బమ్‌లు, పీవీసీ కవర్లు వద్దు. పాలీప్రొపిలీన్ కవర్లు మంచివి

పెళ్ళి పేజీల్లో తలంబ్రాల బియ్యం నాలుగు గింజలు, దండలోని పువ్వు పెట్టాలని అందరికీ ఉంటుంది. ఆ కోరిక నాకు బాగా అర్థమవుతుంది, మా చెల్లి ఆల్బమ్‌లో నేనే పెట్టాను. రెండు వానాకాలాల తర్వాత తెరిస్తే బియ్యానికి పురుగు పట్టి ఉంది, పసుపు పక్క పేజీకి దిగింది. ఇప్పుడు వాటిని దగ్గరగా ఫోటో తీసి, ఆ ప్రింటు పేజీలో పెడుతున్నాను. అసలు గింజలు విడిగా చిన్న గాజుసీసాలో ఉంటాయి.

కోస్తా ఊళ్ళలో ఉక్క ఎక్కువ. కాగితాలు పడుకోబెట్టి, మూత బిగిసే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాచండి. గోడకి ఆనించి నిలబెట్టిన షీటు వానాకాలం దాటేసరికి విల్లులా వంగుతుంది.

## 10. పాడైనప్పుడు

మడత తెల్లగా చిట్లింది. అదే రంగు ఇంకు ప్యాడ్‌ని మడత మీద తేలిగ్గా రాయండి. ఎక్కువగా చిట్లితే వెన్ను వెంట సన్నని రంగు కాగితం పట్టీ అంటించండి.

కార్డు నోరు తెరుచుకునే ఉంటోంది. మడత మీద బోన్ ఫోల్డర్‌తో మళ్ళీ రుద్ది, రాత్రంతా బరువు కింద పెట్టండి.

పొర ఉబ్బింది. తడి ఉండగానే అయితే బరువు పెట్టండి. ఆరిపోయాక చదును చేయాలని రుద్దితే ముడత పడుతుంది. దాని మీద ఫోమ్ టేప్‌తో కొత్త పొర వేయడమే దారి.

వంకరగా అంటింది. కుట్టుదారం రెండు చేతులతో బిగించి పట్టుకుని, పొర కింద రంపంలా ముందుకీ వెనక్కీ లాగండి. టేప్ కోసుకుంటూ పోతుంది. మిగిలిన జిగురుని మెత్తని రబ్బరుతో దొర్లించి తీయండి.

జిగురు పక్కకి పొంగింది. తుడవకండి, పరుచుకుంటుంది. సగం ఆరనిచ్చి వేలితో ఉండలా చుట్టి ఎత్తేయండి.

పాత ఆల్బమ్‌లో ఫోటో అతుక్కుపోయింది. ముందు ఆ పేజీని ఉన్నదున్నట్టు ఫోన్‌తో ఫోటో తీసుకోండి. తర్వాత పళ్ళ మధ్య శుభ్రం చేసే డెంటల్ ఫ్లాస్ దారాన్ని ఒక మూల నుంచి మెల్లగా, పేజీకి ఆనించి నడపండి. నీళ్ళు తగలనీయొద్దు. దారం ఆగిన చోట బలం పెట్టకుండా వదిలేసి, ఫోటో చుట్టూ పేజీనే కోసి, ఆ ముక్కతో సహా కొత్త ఆల్బమ్‌లో మూలలు తొడిగి పెట్టండి.